రాతి వాలుల పసుపు పువ్వు: అడోనిస్ వెర్నాలిస్‌ను విత్తనం నుంచి పూత దాకా పెంచే సమగ్ర మార్గదర్శి

యూరప్‌లోని పొడి గడ్డివాలుల మీద, సున్నపురాయి బయటపడిన ఎండ ముఖపు కొండచరియల మీద వసంతకాలంలో పూసే పసుపు పువ్వులన్నింటిలో అడోనిస్ వెర్నాలిస్‌కు సాటి వచ్చేది లేదని నా నమ్మకం. శీతకాలమంతా ఎండుగడ్డి తప్ప ఏమీ కనిపించని వాలు మీద, ఏప్రిల్ నెల ఎండకు, అరచేతిలో సగం పట్టేంత పువ్వులు నూనె రాసినట్టు మెరుస్తూ విచ్చుకుంటాయి. స్పెయిన్ నుంచి పశ్చిమ సైబీరియా వరకు ఈ మొక్క విస్తరించి ఉన్నా, ఖండపు పశ్చిమ భాగంలో మాత్రం ఒకదానికొకటి చాలా దూరంగా ఉన్న చిన్న చిన్న తావుల్లోనే మిగిలింది. జర్మనీ తూర్పు అంచున ఓడర్ నది లోయకు ఆనుకొని ఉన్న మాల్నో, లెబుస్ వాలులు, స్విట్జర్లాండ్‌లోని వలే లోయ, స్వీడన్‌కు చెందిన ఓలాండ్, గోట్లాండ్ ద్వీపాలు, పోలండ్‌లోని నీదా నది పరీవాహక ప్రాంతం అటువంటి తావులలో పేరున్నవి.

ఇది అరుదు కావడానికి కారణాలు స్పష్టంగానే ఉన్నాయి. గొర్రెల మేత ఆగిపోయిన వాలులను పొదలు కమ్మేశాయి, కొన్నింటిని దున్ని పొలాలు చేశారు, కొన్నింటిలో అడవి చెట్లు నాటారు. వీటికి తోడు, గుండె మీద పనిచేసే రసాయనాలు ఈ మొక్కలో ఉండటం వల్ల 19వ శతాబ్దం చివరి నుంచి ఔషధ వ్యాపారం కోసం తూర్పు యూరప్‌లో దీనిని పెద్ద ఎత్తున కోశారు. ఆ వ్యాపారానికి కావలసిన సరుకును పొలాల్లో పండించడం లాభసాటి కాలేదు, ఎందుకంటే ఈ మొక్క అంత నెమ్మదిగా పెరుగుతుంది. అందువల్ల భారమంతా అడవి మొక్కల మీదే పడింది.

ఈ మార్గదర్శి ఆ నెమ్మదితనాన్ని అర్థం చేసుకుని, దానికి అనుగుణంగా మన పనిని అమర్చుకోవడం గురించి. అడోనిస్ ఏడాదిలో మూడు నాలుగు నెలలు మాత్రమే నేలపైన కనిపిస్తుంది, మిగిలిన కాలమంతా దాని జీవితం నేలలోపల సాగుతుంది. దీనిని పెంచడంలో విఫలమైనవారిలో ఎక్కువమంది కంటికి కనిపించే భాగాన్ని చూసుకుని, నేలలోపలి భాగాన్ని మరచిపోయినవారే. కింద చెప్పే ప్రతి దశలోనూ మొదటగా అడగవలసిన ప్రశ్న ఒక్కటే: ఈ పని నేలలో ఉన్న కొమ్ముకు (పసుపు కొమ్ము వంటి భూగర్భ కాండానికి), వేళ్ళకు మేలు చేస్తుందా, కీడు చేస్తుందా?

మొదటి దశ: మొక్కను, దాని సంవత్సర చక్రాన్ని తెలుసుకోవడం

1753లో స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ శాస్త్రీయ నామం పెట్టిన ఈ జాతి రానున్‌క్యులేసీ కుటుంబానికి చెందిన బహువార్షిక మొక్క. నేలలో నల్లని, పొట్టి, దళసరి కొమ్ము ఉంటుంది. దాని నుంచి గట్టి వేళ్ళు లోతుకు దిగుతాయి. వసంతం తొలి రోజుల్లో కొమ్ము నుంచి 10 నుంచి 40 సెంటీమీటర్ల ఎత్తు కాండాలు లేస్తాయి. కాండం అడుగున ఆకులకు బదులు గోధుమ రంగు పొలుసులు ఉంటాయి, పైభాగంలో కాడలేని ఆకులు దారాల వలె సన్నగా చీలి దట్టంగా అమరి ఉంటాయి. కాండం చివర ఒకే ఒక పువ్వు పూస్తుంది. దాని వెడల్పు 4 నుంచి 8 సెంటీమీటర్లు. వెలుపల నూగున్న ఐదు రక్షక పత్రాలు, లోపల సాధారణంగా 10 నుంచి 20 వరకు నిగనిగలాడే పసుపు రేకులు, మధ్యలో లెక్కలేనన్ని పసుపు కేసరాలు ఉంటాయి. ఎండలో పువ్వు విచ్చుకుని సూర్యుడి వైపు తిరుగుతుంది. మబ్బు పట్టినప్పుడు, రాత్రివేళ ముడుచుకుంటుంది.

పోలికలున్న జాతులతో పొరపడకుండా చూసుకోవాలి. రొమేనియా మొదలుకొని తూర్పు దిక్కు స్టెప్పీ గడ్డిమైదానాల్లో కనిపించే అడోనిస్ వోల్గెన్సిస్‌కు కొమ్మలు ఎక్కువ, పువ్వులు చిన్నవి. తోటల కోసం అమ్మే అడోనిస్‌లలో చాలావరకు తూర్పు ఆసియాకు చెందిన అడోనిస్ అమురెన్సిస్, దాని బంధువులు. అవి మరీ ముందుగా, శీతకాలం ముగియకముందే, ఆకులు పూర్తిగా విచ్చుకోకుండానే పూస్తాయి. వాటిలో బాగా ప్రచారంలో ఉన్న ఫుకుజుకాయి రకం సంకరం కావడం వల్ల గింజ కట్టదు. అందువల్ల, వెర్నాలిస్ అనే చీటీ చూసి మొక్క కొన్నవారు మొదటి వసంతంలోనే పువ్వు ఎప్పుడు వచ్చింది, ఆకు ఎప్పుడు వచ్చింది అని గమనించి నిర్ధారించుకోవాలి.

సంవత్సర చక్రం మనసులో ఉంటే తక్కిన దశలన్నీ సులువుగా అర్థమవుతాయి. వాతావరణాన్ని బట్టి మార్చి చివర నుంచి మే వరకు పూత ఉంటుంది. పూత తర్వాత కాండం ఇంకా సాగి, ఆకులు మరింత విస్తరించి, తర్వాతి ఏటికి కావలసిన ఆహారాన్ని కొమ్ములో దాచుకుంటాయి. జూన్, జులై నెలల్లో గింజలు రాలుతాయి. వేసవి నడిమి నుంచి ఆకులు పసుపుబారి ఎండిపోతాయి. శరదృతువులో నేల కింద కొత్త మొగ్గలు గట్టిపడి, తర్వాతి వసంతపు పువ్వును తమలో ఇముడ్చుకుని చలికాలాన్ని గడుపుతాయి. చలికాలంలో కొన్ని వారాలైనా గట్టి చలి లేని ప్రాంతాల్లో ఈ చక్రం సరిగా నడవదు. ఏడాది పొడవునా వెచ్చగా ఉండే మైదానాల్లో దీనిని పెంచాలన్న ప్రయత్నాన్ని నేను ప్రోత్సహించను.

రెండో దశ: విత్తనం న్యాయమైన దారిలో రావాలి

అడవి మొక్కను తవ్వి తెచ్చుకోవడం గురించి మొదటే ఖచ్చితంగా చెప్పాలి: ఆ పని చేయరాదు. అది నేరం కావడం ఒక కారణం. జర్మనీ, పోలండ్ వంటి దేశాల్లో ఈ జాతికి చట్టపరమైన రక్షణ ఉంది. అంతరించే ప్రమాదమున్న జాతుల అంతర్జాతీయ వాణిజ్యాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందపు రెండో అనుబంధంలో, 2000 సంవత్సరంలో నైరోబీ సమీపంలోని గిగిరిలో జరిగిన సమావేశంలో, దీనిని చేర్చారు. కాబట్టి సజీవ మొక్కను గాని, ఎండబెట్టిన కాండాలను గాని అనుమతిపత్రం లేకుండా దేశ సరిహద్దులు దాటించడం కుదరదు. విత్తనాలకు ఆ ఒప్పందంలో మినహాయింపు ఉన్నా, చాలా దేశాలు దిగుమతి చేసుకునే విత్తనాలకు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం అడుగుతాయి, దాన్ని ముందే ఏర్పాటు చేసుకోవాలి.

రెండో కారణం ఇంకా బలమైనది. పెరిగిన అడోనిస్‌ను తవ్వితే అది సాధారణంగా బతకదు. రాళ్ళ సందుల్లోకి లోతుగా దిగిన వేళ్ళు తెగిపోకుండా పైకి రావు, తెగిన వేళ్ళు మళ్ళీ పుంజుకోవడానికి సంవత్సరాలు పడుతుంది. అంటే తవ్వినవారికి మొక్క దక్కదు, వాలు మీద ఖాళీ మిగులుతుంది.

అందువల్ల విత్తనమే దారి. వృక్షశాస్త్ర ఉద్యానవనాలు, అరుదైన మొక్కలు పెంచేవారి సంఘాలు నడిపే విత్తన మార్పిడి జాబితాలు, సాగు చేసిన తల్లిమొక్కల నుంచి విత్తనం తీసే నర్సరీలు నమ్మదగిన వనరులు. విత్తనం తెప్పించేటప్పుడు అడగవలసిన ప్రశ్నలు రెండు: ఏ ఏడాది కోసినది, తల్లిమొక్కలు ఏ ప్రాంతపు విత్తనం నుంచి వచ్చినవి. మొదటి ప్రశ్నకు సమాధానం మొలక శాతాన్ని నిర్ణయిస్తుంది. రెండోదాని అవసరం తర్వాత, పుట్టిన మొక్కలను ఎక్కడ నాటవచ్చునో తేల్చుకునేటప్పుడు తెలుస్తుంది.

అడవి వాలు నుంచి విత్తనం సేకరించే అనుమతి ఉన్నవారు సైతం చేయి బిగబట్టుకోవాలి. ఒక తావులో ఆ ఏడాది పండిన గింజల్లో ఐదో వంతుకు మించి తీసుకోరాదనేది అరుదైన జాతుల విత్తన సేకరణలో సాధారణంగా పాటించే హద్దు. అడోనిస్ వంటి, గింజ మొలకెత్తే అవకాశమే తక్కువగా ఉండే మొక్క విషయంలో పదో వంతు దగ్గరే ఆగిపోవడం మంచిదని నా అభిప్రాయం.

మూడో దశ: వాలును, నేలను సిద్ధం చేయడం

విత్తనం చేతికి రాకముందే స్థలం సిద్ధంగా ఉండాలి. నేల సర్దుకోవడానికి, రాళ్ళు కుదురుకోవడానికి ఒక చలికాలం గడిస్తే మంచిది. మొక్కలు ఎలాగూ రెండు మూడేళ్ళ తర్వాతగాని అక్కడికి రావు కాబట్టి తొందరపడి పని పాడుచేసుకోవలసిన అవసరం లేదు.

రాతి వాలు మీద పెరుగుతుందని విన్నవారు చాలామంది దీనికి ఉత్త కంకర చాలనుకుంటారు. ఇది పొరపాటు. అడోనిస్ సహజంగా పెరిగే తావులను పరిశీలిస్తే, సున్నపురాతి పలుకుల మధ్య, గాలి మోసుకొచ్చి పరచిన మెత్తని లోయస్ మట్టిలో, తూర్పున స్టెప్పీల నల్లమట్టిలో సైతం అది బలంగా పెరుగుతున్నట్టు తెలుస్తుంది. అది సారవంతమైన నేలను ద్వేషించదు. దానికి గిట్టనివి వేళ్ళ దగ్గర నిలిచే నీరు, నీడ, తనకంటే ఎత్తుగా పెరిగి కమ్మేసే గడ్డి. బయట రాతి వాలులు ఈ మూడింటినీ ఒకేసారి తొలగిస్తాయి కాబట్టి అక్కడ అది మిగిలింది. మనం తయారుచేసే నేలలోనూ ఈ మూడు గుణాలే ఉండాలి: నీరు త్వరగా దిగిపోవాలి, లోతున కొంత తేమ నిలవాలి, పైపొర బీదగా ఉండి కలుపును ప్రోత్సహించకుండా ఉండాలి.

ఆచరణలో ఇలా చేయాలి. ఉత్తరార్ధగోళంలోనైతే దక్షిణానికి లేదా నైరుతికి వాలిన, రోజులో కనీసం ఆరు గంటలు నేరుగా ఎండ పడే చోటు ఎంచుకోవాలి. సహజ వాలు లేకపోతే రాళ్ళు పేర్చి ఎత్తైన మడి కట్టుకోవచ్చు. అడుగున పెద్ద రాళ్ళు వేసి, దానిపై 40 నుంచి 50 సెంటీమీటర్ల మందాన మట్టిమిశ్రమం నింపాలి. బంకలేని తోటమట్టి ఒక పాలు, ముతక ఇసుక ఒక పాలు, అర సెంటీమీటరు నుంచి సెంటీమీటరున్నర వరకు పరిమాణంగల సున్నపురాతి పలుకులు ఒక పాలు కలిపితే సరిపోతుంది. ఆమ్లగుణమున్న పీట్ మట్టి కలపరాదు. పశువుల ఎరువు, నత్రజని ఎక్కువగా ఉన్న రసాయన ఎరువులు అసలే వద్దు. అవి మొక్కను మెత్తబరచి, దాని పోటీదారులను బలపరుస్తాయి. మిశ్రమం తయారైన తర్వాత పీహెచ్ పరీక్షించి, 7కు 8కి మధ్య ఉండేటట్టు చూసుకోవాలి. తక్కువగా ఉంటే సున్నపురాతి పొడి కలపాలి. పైన రెండు మూడు సెంటీమీటర్ల మందాన రాతి పలుకులు పరిస్తే కాండం మొదలు పొడిగా ఉండి కుళ్ళు సోకదు.

మడి సిద్ధమైన తర్వాత ఒక పరీక్ష చేయండి. చారెడు వెడల్పు గుంట తీసి నీటితో నింపితే ఆ నీరు కొద్ది నిమిషాల్లో ఇంకిపోవాలి. గంట తర్వాత కూడా తడి మెరుస్తుంటే అడుగున నీరు బయటికి పోయే దారి లేదని అర్థం. ఆ లోపం సరిచేయకుండా ముందుకు వెళ్ళవద్దు.

నాలుగో దశ: విత్తనం సేకరణ, పరీక్ష

సొంత తల్లిమొక్కలున్నవారికి ఈ దశే అన్నింటికంటే సున్నితమైనది. పువ్వు వాడిన తర్వాత మధ్యభాగం సాగి, కండె ఆకారంలో ఆకుపచ్చని గింజలు గుత్తిగా ఏర్పడతాయి. ఒక్కొక్క గింజ నిజానికి ఒంటిగింజ కాయ. పైన నూగు, చివర వంకర ముక్కు, కింది భాగంలో చీమలకు ఇష్టమైన కొవ్వు పదార్థం ఉంటాయి. చీమలు దానికోసమే గింజలను మోసుకుపోయి, తినదగిన భాగాన్ని తిని గింజను వదిలేస్తాయి. కొత్త మొక్కలు తల్లిమొక్కకు కొద్ది మీటర్లకు మించి దూరంగా మొలవకపోవడానికి ఇది ఒక కారణం.

గింజలు పచ్చగా ఉండగానే రాలిపోతాయి. గోధుమ రంగుకు మారేదాకా ఎదురుచూసేవారికి ఖాళీ కాడే మిగులుతుంది. జూన్ మొదలయ్యాక రెండు రోజులకొకసారి గుత్తిని వేలితో మెల్లగా తాకి చూడాలి. కొద్దిపాటి ఒత్తిడికే గింజ ఊడి వస్తే అది సిద్ధమైనట్టు. అన్నీ ఒకేసారి పండవు, కింది గింజలు ముందు, పైవి తర్వాత వస్తాయి. ప్రతిరోజూ చూడటం కుదరనివారు పలుచని వలగుడ్డ సంచిని గుత్తికి వదులుగా కట్టవచ్చు. కాండం వంగిపోకుండా పక్కన సన్నని పుల్ల పాతాలి.

సేకరించిన గింజల్లో చాలావాటిలో పిండం ఉండదు. గింజను గోటి మొనతో నొక్కినప్పుడు గట్టిగా ఉంటే నిండు గింజ, అణిగిపోతే తాలు. తాలు గింజల శాతం ఎక్కువగా ఉంటే నిరాశపడవలసింది లేదు గాని, దానికి కారణం మాత్రం వెతకాలి. సాధారణంగా అది పరాగ సంపర్కం సరిగా జరగలేదనడానికి గుర్తు. ఆ సంగతి ఏడో దశలో వస్తుంది.

ఐదో దశ: విత్తడం, మొలక కోసం ఎదురుచూడటం

అడోనిస్ గింజ రాలేనాటికి దానిలోని పిండం పూర్తిగా ఎదిగి ఉండదు. గింజ తడిగా ఉన్న నేలలో వేసవి వెచ్చదనాన్ని, తర్వాత చలికాలపు చలిని వరుసగా అనుభవించినప్పుడే పిండం ఎదిగి, సుప్తావస్థ తొలగి, వసంతంలో మొలక వస్తుంది. గింజను ఎండబెట్టి డబ్బాలో దాచి, మరుసటి వసంతంలో విత్తితే ఈ వరుస తప్పిపోతుంది. అప్పుడు అది ఇంకొక వేసవి, ఇంకొక చలికాలం నేలలో గడపవలసి వస్తుంది, ఆలోగా చాలా గింజలు చచ్చిపోతాయి. కాబట్టి నియమం చిన్నది: కోసిన వారంలోపల విత్తాలి.

కనీసం 15 సెంటీమీటర్ల లోతున్న కుండీలు తీసుకోవాలి. మూడో దశలో చెప్పిన మిశ్రమాన్నే, పలుకులను చిన్నవిగా ఏరి నింపాలి. గింజలను ఒకదానికొకటి రెండు సెంటీమీటర్ల దూరంలో పరచి, పైన ఒక సెంటీమీటరు మందాన మిశ్రమం, దానిపై ఇంకొక సెంటీమీటరు సన్నని కంకర వేయాలి. కంకర పొర వల్ల నాచు పట్టదు, వాన చినుకులకు గింజ బయటపడదు. ఎలుకలు, పక్షులు గింజలు ఏరుకోకుండా కుండీల మీద సన్నకంతల ఇనుపజాలీ కప్పాలి.

ఈ కుండీలను ఆరుబయట, మధ్యాహ్నపు ఎండ నేరుగా పడని చోట ఉంచాలి. వేసవిలోనూ శరదృతువులోనూ మిశ్రమం ఎప్పుడూ కొద్దిగా తడిగా ఉండాలి, పూర్తిగా ఆరిపోతే పిండం ఎదుగుదల ఆగిపోతుంది. చలికాలంలో కుండీలను ఇంట్లోకి తీసుకురావద్దు. మంచు పడినా, మట్టి గడ్డకట్టినా గింజకు హాని లేదు. ఎడతెగని వాన వల్ల కుండీ నీటితో నిండిపోకుండా మాత్రం పైన వాలుగా ఒక గాజు పలక ఉంచవచ్చు.

మొదటి వసంతంలో కొన్ని గింజలే మొలకెత్తుతాయి. కొన్ని కుండీల్లో ఒక్కటీ మొలవదు. అయినా కుండీని పారబోయరాదు. రెండో వసంతంలో, అరుదుగా మూడో వసంతంలో మొలకలు వచ్చే అవకాశం ఉంటుంది. ఆ మధ్యకాలంలో కుండీకి అదే శ్రద్ధతో నీరు పోయడం ఓర్పుకు సంబంధించిన పని, ఈ మొక్క పెంపకంలో ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే.

ఆరో దశ: మొలక నుంచి నాటడం దాకా

మొదటి ఏడాది మొలకలో రెండు బీజదళాలు, చీలికలున్న చిన్న ఆకు ఒకటో రెండో తప్ప పెద్దగా ఏమీ కనిపించదు. వేసవికి అదికూడా ఎండిపోతుంది. దాన్ని చూసి మొక్క చచ్చిపోయిందనుకునేవారు ఉంటారు. నిజానికి ఆ సమయానికి అది నేలలో చిన్న కొమ్మును, ఒక మొగ్గను తయారుచేసుకుని ఉంటుంది. ఆకు ఎండిన తర్వాత నీరు తగ్గించాలి, పూర్తిగా మాత్రం ఆపరాదు. చిన్న కుండీలోని మట్టి, వాలు మీది లోతైన నేల వలె తేమను దాచుకోలేదు.

మొలకలకు ప్రధాన శత్రువు నత్తలు. పెంకు లేని నత్త ఒక్క రాత్రిలో కుండీ మొత్తాన్ని ఖాళీ చేయగలదు. విషపు మొక్క కాబట్టి దీనిని ఏదీ తినదనుకోవడం ప్రమాదకరం. పశువులు దాదాపుగా దీనిని ముట్టవు గాని, లేత మొలకల విషయంలో నత్తలకు ఆ పట్టింపు లేదు. కుండీలను నేలకు ఎత్తుగా బల్ల మీద ఉంచడం, చీకటి పడ్డాక దీపం తీసుకుని వెళ్ళి నత్తలను చేత్తో ఏరివేయడం పనికివచ్చే ఉపాయాలు. చివరిది శ్రమతో కూడినదే అయినా అన్నింటికంటే నమ్మదగినది.

రెండో ఏడాది ఆకులు ఎండిన తర్వాత మొలకలను విడదీసి ఒక్కొక్కదాన్ని లోతైన విడి కుండీలోకి మార్చవచ్చు. వేళ్ళకు అంటిన మట్టి రాలకుండా చూడాలి. వీలైతే విడదీయకుండా కుండీ మొత్తాన్ని ఒకే ముద్దగా నాటడం ఇంకా మంచిది. పక్కపక్కన పెరిగిన మొక్కలు ఒకదాన్నొకటి ఇబ్బంది పెట్టవు, వాలుల మీద అవి గుబురుగా కలిసి పెరుగుతూనే ఉంటాయి.

శాశ్వత స్థానంలో నాటడానికి అనువైన కాలం శరదృతువు ఆరంభం. అప్పటికి ఆకులు పోయి ఉంటాయి, కొత్త వేళ్ళ పెరుగుదల అప్పుడే మొదలవుతుంది. గుంటను కుండీకంటే లోతుగా తీసి, అడుగు మట్టిని వదులు చేసి, మొగ్గలు నేలమట్టానికి రెండు మూడు సెంటీమీటర్ల కింద ఉండేటట్టు ముద్దను దించాలి. చుట్టూ మిశ్రమం నింపి, ఒకసారి సమృద్ధిగా నీరు పోసి, పైన రాతి పలుకులు పరచాలి. మొక్క ఉన్న చోట చెరిగిపోని గుర్తు పాతడం తప్పనిసరి. ఏడాదిలో ఎక్కువ కాలం పైకి ఏమీ కనిపించని మొక్కను ఎవరో ఒకరు పారతో పొడిచివేయడం తోటల్లో తరచుగా జరిగేదే. మొక్కకు మొక్కకు 30 సెంటీమీటర్ల దూరం చాలు. ఇక ఆ మొక్కను ఎన్నడూ కదిలించరాదు. గుబురు పెద్దదయ్యిందని దానిని విడదీయాలనే ఆలోచన రాకూడదు.

విత్తిన తర్వాత నాలుగైదు సంవత్సరాలకు, కొన్ని సందర్భాల్లో అంతకన్నా ఆలస్యంగా మొదటి పువ్వు వస్తుంది. పెంపకందారు చేయగలిగిందల్లా కాండం ఎండేదాకా ఆకులను కోయకుండా ఉండటం. పువ్వు వాడిపోయాక అందంగా లేదని కాండాన్ని కత్తిరిస్తే, కొమ్ములోకి చేరవలసిన ఆహారం చేరక, తర్వాతి ఏటి పూత తగ్గిపోతుంది.

ఏడో దశ: పూత, పరాగ సంపర్కం

అడోనిస్ పువ్వులో మకరందం ఉండదు. తేనెటీగలు, ఈగలు, చిన్న పెంకుపురుగుల వంటి కీటకాలు పుప్పొడి కోసమే వస్తాయి. చలిగా, మబ్బుగా ఉన్న వసంతంలో పువ్వు విచ్చుకోక, కీటకాలు రాక, గింజ తక్కువగా కడుతుంది. ఒకే మొక్క పుప్పొడితో అదే మొక్కలో నిండు గింజలు కట్టడం కూడా తక్కువ. కాబట్టి వేరువేరు విత్తనాల నుంచి పుట్టిన మొక్కలు కనీసం ఐదారు దగ్గర దగ్గరగా ఉండాలి.

కీటకాలు కనిపించని ఏడాదుల్లో మెత్తని కుంచెతో మనమే పుప్పొడిని మార్చవచ్చు. ఎండ బాగా ఉన్న మధ్యాహ్నం, ఒక మొక్కలో పుప్పొడి రాలుతున్న కేసరాలను కుంచెతో తాకి, వేరొక మొక్కలో అప్పుడే విచ్చుకున్న పువ్వు నడిమి భాగాన్ని మెల్లగా అద్దాలి. ఈ పనిని రెండు మూడు రోజులు వరుసగా చేస్తే తాలు గింజల శాతం స్పష్టంగా తగ్గుతుంది.

ఎనిమిదో దశ: విషం విషయంలో జాగ్రత్త

ఈ మొక్క అన్ని భాగాల్లోనూ గుండె కొట్టుకునే తీరును మార్చే గ్లైకోసైడ్లు అనే రసాయనాలు ఉంటాయి. సైమారిన్, అడోనిటాక్సిన్ వాటిలో ముఖ్యమైనవి. రష్యాలో 19వ శతాబ్దం చివరలో వైద్యులు దీనిని గుండెజబ్బులకు వాడారు. నరాల వైద్యుడు వ్లదీమిర్ బేఖ్తెరెవ్ పేరు మీద ప్రసిద్ధమైన మిశ్రమంలోనూ ఇది ఉంది. ఈ చరిత్ర చదివి ఇంట్లో కషాయం కాచుకోవాలనే ఆలోచన ప్రాణాంతకం. మందు మోతాదుకు, విషపు మోతాదుకు మధ్య దూరం చాలా తక్కువ. వాంతులు, గుండె లయ తప్పడం దీని విషలక్షణాలు. గింజలు, కొమ్ములు పట్టుకునేటప్పుడు చేతితొడుగులు వేసుకోవాలి. పిల్లలు, పెంపుడు జంతువులు తిరిగే చోట నాటకూడదు. పొరపాటున ఎవరైనా నమిలితే లక్షణాల కోసం ఎదురుచూడకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి, మొక్క పేరు అక్కడ చెప్పాలి.

తొమ్మిదో దశ: సహజ వాలును కాపాడే పని

తోటలో పది మొక్కలు పెంచడం కంటే, ఉన్న ఒక వాలును కాపాడటం ఈ జాతికి ఎన్నో రెట్లు మేలు చేస్తుంది. స్థానిక ప్రకృతి రక్షణ సంస్థలతో కలిసి పనిచేసే అవకాశం ఉన్నవారు ఈ దశను అన్నింటికంటే ముఖ్యమైనదిగా భావించాలని నా కోరిక.

మొదటి పని లెక్కించడం. పూత ఉచ్చస్థితిలో ఉన్న వారంలో, మొక్కల మీద అడుగు పడకుండా, ఒకే దారిలో నడుస్తూ లెక్కించాలి. ఇక్కడ ఒక చిక్కు ఉంది. పాత గుబురు ఒక్కటే పదుల కొద్దీ కాండాలను ఇస్తుంది, కాబట్టి కాండాల సంఖ్యను, మొక్కల సంఖ్యను విడివిడిగా రాయాలి. మరింత ముఖ్యమైనది, పూత లేని చిన్న మొక్కల సంఖ్య. అడోనిస్ కొమ్ము దశాబ్దాలపాటు బతుకుతుంది. అందువల్ల కొత్త మొక్క ఒక్కటీ పుట్టని వాలు కూడా ఏటేటా నిండుగా పూస్తూ, చూసేవారికి ఆరోగ్యంగా కనిపిస్తుంది. ఆ పాత మొక్కలు ఒక్కొక్కటిగా పోయేసరికి వాటి స్థానంలోకి వచ్చేవి ఉండవు. పువ్వులను మాత్రమే లెక్కించే సర్వే ఈ ప్రమాదాన్ని పసిగట్టలేదు. మీటరు పొడవు, మీటరు వెడల్పున్న చదరాలు కొన్నింటిని శాశ్వతంగా గుర్తించి, వాటిలో మోకాళ్ళ మీద కూర్చుని మొలకలను, లేత మొక్కలను వెతకాలి.

లేత మొక్కలు లేకపోవడానికి కారణం చాలాసార్లు పైన పేరుకున్న ఎండుగడ్డి. రాలిన గింజ మట్టిని తాకదు, తాకినా మొలకకు వెలుతురు అందదు. మేత ఉన్న కాలంలో గొర్రెలు, మేకలు గడ్డిని పొట్టిగా ఉంచేవి, గిట్టలతో అక్కడక్కడ నేలను గీకి ఖాళీలు చేసేవి, చేదుగా విషంగా ఉండే అడోనిస్‌ను వదిలేసేవి. ఆ మేతను తిరిగి ప్రారంభించగలిగితే అంతకు మించిన మార్గం లేదు. గింజలు రాలిన తర్వాత, అంటే జులై రెండో సగం నుంచి మందను వదలాలి. మంద దొరకని చోట శరదృతువులో గడ్డి కోసి, కోసిన గడ్డిని తప్పనిసరిగా వాలు నుంచి బయటికి తీసుకుపోవాలి. అక్కడే వదిలేస్తే కోసిన ప్రయోజనం ఉండదు, నేలలో సారం పెరిగి మొరటు గడ్డి బలపడుతుంది.

ముళ్ళపొదలను, రోబీనియా చెట్లను చలికాలంలో నరకాలి. రోబీనియా వేళ్ళు గాలిలోని నత్రజనిని నేలలోకి చేరుస్తాయి, నరికిన మొదలు నుంచి మళ్ళీ చిగురిస్తాయి, కాబట్టి వరుసగా కొన్నేళ్ళు చిగుళ్ళను తొలగిస్తూ ఉండాలి. వాలునంతా ఒకే ఏడాదిలో బోడి చేయడం మంచిది కాదు. మూడు నాలుగు భాగాలుగా విభజించి ఏటా ఒక భాగం తీసుకుంటే పొదల్లో గూడు కట్టే పక్షులకు, కీటకాలకు కూడా చోటు మిగులుతుంది.

తోటలో పెంచిన మొక్కలను ఇటువంటి వాలు మీద సొంత నిర్ణయంతో నాటకూడదు. దూర ప్రాంతపు విత్తనం నుంచి వచ్చిన మొక్కలు స్థానిక మొక్కలతో కలిస్తే, ఆ తావు తరతరాలుగా నిలుపుకున్న ప్రత్యేకత చెదిరిపోవచ్చు. నాటడం అవసరమని బాధ్యతగల సంస్థ నిర్ణయించినప్పుడు, అదే వాలు విత్తనం నుంచి పుట్టిన మొక్కలనే వాడాలి. అందుకే ప్రతి కుండీ మీద పెన్సిలుతో రాసిన లోహపు చీటీ ఉండాలి. సిరా ఎండకు వెలిసిపోతుంది, పెన్సిలు రాత నిలుస్తుంది. చీటీ మీద విత్తనం వచ్చిన వాలు పేరు, కోసిన తేదీ, ఎన్ని తల్లిమొక్కల నుంచి కోసినది, విత్తిన తేదీ, ప్రతి వసంతంలో వచ్చిన మొలకల సంఖ్య నమోదు చేయాలి. అవే వివరాలను ఒక పుస్తకంలోనూ రాసి ఉంచాలి. సొంత అవసరానికి మించి పండిన గింజలను ఆ వివరాలతో సహా, కోసిన వారంలోపలే, దగ్గరలోని వృక్షశాస్త్ర ఉద్యానవనపు విత్తన విభాగానికి పంపాలి. వారు ఆలస్యం లేకుండా విత్తుకోవడానికి వీలుగా, గింజలు కోయబోయే వారాన్ని వారికి ముందే తెలియజేయాలి.